గాలి పంచాయితీలో ఎవరి మాట చెల్లుతోంది?

నగరాల గాలి గురించి ఏ దేశంలో మాట్లాడినా ‘భాగస్వాములందరూ’ అంటారు. ఆ అందరిలో ఎవరుంటున్నారు?

1996 జులైలో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీలోని 168 ఫ్యాక్టరీలను నగరంలో నడపొద్దంది. అక్కడి పొగ అందరికన్నా ముందు పీల్చిన కార్మికుల మాట వినలేదు. పరిహారం ఇమ్మన్నారు, నిజమే. హాజరుపట్టీలో పేరే లేని కూలీకి అదెట్లా అందుతుంది?

లండన్‌లో రద్దీ రోడ్డు దగ్గర పెరిగిన నల్లజాతి పిల్ల ఎల్లా కిస్సీ-డెబ్రా 2013లో తొమ్మిదేళ్లకే ఉబ్బసంతో చనిపోయింది. తల్లి రోసమండ్ ఊరుకోలేదు. పాత తీర్పు కొట్టేయించి మళ్లీ విచారణ పెట్టించింది. 2020 డిసెంబరులో కరోనర్, అంటే మరణాలపై విచారణ జరిపే అధికారి, ఆ చావుకు గాలి కాలుష్యమూ ఒక కారణమని రాశాడు. బ్రిటన్‌లో అదే మొదటిసారి.

మన రోడ్లూడ్చే దళిత కార్మికురాలి మరణ పత్రంలో ఆ మాట రాయించాలంటే దారేదో మన వకీళ్లు తేల్చాలి.