స్విస్ ఛాలెంజ్: పోటీ ఉంటుంది, పోటీదారులే రారు!

ప్రభుత్వానికి రోడ్డో, వంతెనో కావాలంటే టెండరు పిలుస్తుంది. పిలవకముందే ఒక కంపెనీ వచ్చి ‘ఇక్కడ ఇది అవసరం, మేం కడతాం’ అంటే? అలాంటి ప్రతిపాదనల కోసం మన రాష్ట్రాలు వాడుతున్న పద్ధతి స్విస్ ఛాలెంజ్. ప్రతిపాదనను ప్రకటించి, ఇంతకంటే మెరుగ్గా ఎవరైనా చేస్తారా అని అడుగుతారు. ఎవరైనా ముందుకొస్తే, అదే ధరకు పని చేసే అవకాశం ముందుగా మొదటి కంపెనీకే ఇస్తారు.

వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కంతా లెక్కలో ఉంది.

మొదటి కంపెనీ 100 కోట్లు అడిగిందనుకుందాం. మీరు సొంత ఖర్చుతో సర్వేలు చేయించి 92 కోట్లకే చేస్తామన్నారు. ‘సరే, మేమూ 92కే’ అని ఆ కంపెనీ అంటే మీ సర్వే ఖర్చు గంగపాలు. అది వద్దంటే పని మీదే. కానీ ఆ స్థలం గురించి మీకంటే ఎక్కువ తెలిసినవాళ్లే వద్దన్నారంటే, మీరు మరీ తక్కువకు ఒప్పుకున్నట్టేగా! వేలం సిద్ధాంతంలో దీన్ని ‘విజేత శాపం’ అంటారు. చమురు నిక్షేపాల వేలాల్లో గెలిచిన కంపెనీలు ఎందుకు నష్టపోతున్నాయో పరిశీలించిన ముగ్గురు అమెరికన్ పెట్రోలియం ఇంజనీర్లు 1971లో దీన్ని వివరించారు. గెలిచినా ఓడినా నష్టమే అనిపించే పోటీకి ఎవరొస్తారు?

అమరావతిలో 1,691 ఎకరాల స్టార్టప్ ప్రాంతాన్ని అభివృద్ధి చేస్తామని అసెండాస్-సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్ సంస్థలు ఇచ్చిన ప్రతిపాదనకూ ఆంధ్రప్రదేశ్ ఈ పద్ధతినే ఎంచుకుంది. ఆ సంస్థలు ప్రభుత్వానికి ఇస్తామన్న ఆదాయ వాటా ఎంతో పోటీదారులకు చెప్పలేదన్నది వివాదం. దాటాల్సిన గీత ఎక్కడుందో చెప్పకుండా దూకమనడం లాంటిదే ఇది. 2016 సెప్టెంబరులో ఉమ్మడి హైకోర్టు స్టే ఇచ్చింది. తర్వాత చట్టాన్ని సవరించి ప్రభుత్వం ముందుకెళ్లింది. 2017 మేలో ఒప్పందం కుదిరింది, ప్రభుత్వం మారాక 2019 నవంబరులో రద్దయింది.

2009లో మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని తప్పుపట్టలేదు. అయితే ఏయే పనులకు వాడతారో ముందే ప్రకటించాలని, ఆసక్తి ఉన్నవారందరికీ సమాన అవకాశమివ్వాలని చెప్పింది. 2015లో విజయ్ కేల్కర్ కమిటీ మాత్రం అడగకుండా వచ్చే ప్రతిపాదనలను నిరుత్సాహపరచాలనే సూచించింది.

అలాగని తలుపులు మూసేస్తే మంచి ఆలోచనలూ బయటే ఉండిపోతాయి. చిలీలో మొదట ప్రతిపాదించిన వారికి వేలంలో కొంత బోనస్ ఇస్తారు. దాని విలువ ముందే తెలుస్తుంది కాబట్టి మిగతావారు తమ లెక్క తాము వేసుకోగలరు. మన రక్షణశాఖ 2018లో మొదలుపెట్టిన ఐడెక్స్‌లో ఓపెన్ ఛాలెంజ్ ఉంది. సైన్యం అడగని పరికరాన్నయినా స్టార్టప్‌లు అక్కడ ప్రతిపాదించవచ్చు. ఎంపికైతే ముందుగా అందేది నమూనా తయారీకి గ్రాంటు, కొనుగోలు కాంట్రాక్టు కాదు.