రెండు నదుల మధ్య నల్లా బిల్లు

ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర ప్రవహించే అంతర్వేదిలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా ఉన్న రాయచూరు నగరానికి తాగునీరు ఈ రెండు నదుల నుంచే అందుతుంది. ఒక వైపు కృష్ణ నుంచి ఎత్తిపోసిన నీరు, మరొక వైపు తుంగభద్ర ఎడమ కాలువ వెంట వచ్చి రాంపుర జలాశయంలో నిలువ చేరే నీరు నగరంలోని నల్లాలకు ఆధారం. 2011 జనగణన నాటికే 2.3 లక్షల జనాభా దాటిన ఈ నగరంలో నల్లా బిల్లు ఎంత ఉండాలి, దాన్ని ఏ లెక్కన వేయాలి, కట్టలేనివారి పట్ల ఎలా వ్యవహరించాలి అన్న ప్రశ్నలు పైకి కార్యాలయంలోని గుమాస్తా వ్యవహారంలా కనిపిస్తాయి గానీ, నగరవాసుల ఆరోగ్యం, పేదల పట్ల న్యాయం, నగర ఖజానా స్థితి మూడూ వాటికి ముడిపడి ఉన్నాయి. సరిహద్దుకు ఇవతల గద్వాలలోనైనా కర్నూలులోనైనా ఈ ప్రశ్నలు పెద్దగా మారవు.

నీటి రేటు నిర్ణయించే అధికారం ఎవరిది అన్న విషయంతో చర్చ మొదలుపెట్టడం సబబు. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, తాగునీటి సరఫరాను పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన బాధ్యతల జాబితాలో చేర్చింది. కర్ణాటకలో నగరసభలు 1964 నాటి మునిసిపాలిటీల చట్టం కింద నీటి రుసుము వసూలు చేస్తాయి. అయితే బెంగళూరు తప్ప మిగిలిన నగరాలలో పెద్ద పైపులైన్లు, శుద్ధి కేంద్రాల వంటి నిర్మాణాలను సాధారణంగా రాష్ట్ర నగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు చేపడుతుంది. రేట్ల విషయంలో రాష్ట్ర ప్రభుత్వ ఆదేశాలు కూడా ఉంటాయి. నిర్మించేది ఒకరు, నడిపేది మరొకరు, రేటుకు హద్దులు గీసేది ఇంకొకరు అయినప్పుడు, ప్రజల ముందు నిలబడి రేటు పెంచవలసిన నగరసభ సభ్యులు ఆ పనిని వాయిదా వేయడం దాదాపు ప్రతిచోటా జరుగుతున్నదే. బెంగళూరులో సైతం 2014 తరువాత 2025 వరకు, అంటే 11 సంవత్సరాల పాటు రేట్లు కదలలేదు. చివరకు పెంచినప్పుడు, ఇకపై ఏటా 3 శాతం చొప్పున సవరించే పద్ధతిని కూడా ప్రకటించవలసి వచ్చింది. ఏళ్ల తరబడి మౌనంగా ఉండి ఒక్కసారిగా భారం మోపడం కంటే, ఏటా కొద్దికొద్దిగా, ముందే తెలిపి సవరించడం కుటుంబాలకు మేలు చేస్తుంది.

నది ప్రవాహం ప్రకృతి ఇచ్చినదే అయినా, ఇంటి నల్లాలోకి వచ్చే నీటి వెనుక ఎన్నో ఖర్చులు ఉంటాయి. నదీ మట్టం నుంచి పైకి తోడే మోటార్లకయ్యే కరెంటు, బురదను అడుగుకు దించడానికి వాడే పటిక, క్రిములను చంపే క్లోరిన్, వడపోత పడకల శుభ్రత, పైపుల మరమ్మతు, సిబ్బంది జీతాలు, అరిగిపోయే యంత్రాల స్థానంలో కొత్తవి కొనడానికి పక్కన పెట్టవలసిన నిధి అందులో ముఖ్యమైనవి. వీటిలో కొంత భాగం నీరు తక్కువ వాడినా ఎక్కువ వాడినా మారదు. రాయచూరుకు దీనికి తోడు మరొక చిక్కు ఉంది. సాగు కోసం తవ్విన ఎడమ కాలువకు ఈ ప్రాంతం చివరి భాగంలో ఉండటం వల్ల, ఎగువన గంగావతి, సింధనూరు ప్రాంతాల వరి పొలాల అవసరాలు తీరిన తరువాతే ఇక్కడికి నీరు చేరుతుంది. కాలువ మూసిన వేసవి నెలల్లో నిలువ మీదనే కాలం గడపాలి. 1953లో సుమారు 133 టీఎంసీల నిలువ సామర్థ్యంతో మొదలైన తుంగభద్ర జలాశయం పూడిక వల్ల ఇప్పుడు దాదాపు 105 టీఎంసీలకు తగ్గింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆయకట్టు రైతులతో పాటు ఈ నీటి మీద ఆధారపడిన పట్టణాలు కూడా ఆందోళన చెందాయి. భూగర్భ జలాన్ని నమ్ముకుందామంటే, జిల్లాలోని అనేక గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు అధికంగా ఉంది, కాచినా క్లోరిన్ కలిపినా అది పోదు.

రేటు గురించిన ఏ చర్చ అయినా రాయచూరులో 2022ను దాటి ముందుకు పోజాలదు. ఆ సంవత్సరం మే నెలాఖరులో, జూన్ మొదట్లో కలుషితమైన నల్లా నీటి వల్ల నగరంలో అనేక మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు మరణించారు. రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది, మృతుల కుటుంబాలకు పరిహారం ప్రకటించింది. రాంపుర శుద్ధి కేంద్రం నిర్వహణ మీద, పాత పైపుల స్థితి మీద తీవ్రమైన విమర్శలు వచ్చాయి. వడపోత పడకను కడగడం, క్లోరిన్ మోతాదును రోజూ పరీక్షించడం, పగిలిన పైపును ఆ రోజే అతకడం వంటి పనులకు శంకుస్థాపనలు ఉండవు, శిలాఫలకాలు ఉండవు. అందుకే నిధులు తగ్గినప్పుడు మొదట కోత పడేది వీటికే. కొత్త నిర్మాణాలకు అమృత్ వంటి కేంద్ర పథకాల నుంచి సొమ్ము వస్తుంది గానీ, రోజువారీ నిర్వహణకు ప్రధానంగా నల్లా బిల్లే ఆధారం కావాలి. కనుక నీటి ఆదాయంలో మొట్టమొదటి హక్కు శుద్ధికి, పరీక్షకు ఉండాలి. ఆ మేరకు ఖర్చును కూడా రాబట్టని రేటు పేదలకు మేలు చేసే చౌక రేటు అనిపించుకోదు, ఎందుకంటే కలుషిత నీటి మూల్యాన్ని శుద్ధి యంత్రం కొనుక్కోలేని ఇళ్లే ఆసుపత్రిలో చెల్లిస్తాయి.

రేటు వేసే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది స్థిర రుసుము, అంటే ఎంత వాడారన్న దానితో నిమిత్తం లేకుండా ప్రతి కనెక్షనుకు నెలకో సంవత్సరానికో ఒకే మొత్తం కట్టించుకోవడం. దీనికి మీటరు అక్కరలేదు, లెక్క సులభం. కానీ రెండు గదుల ఇంటికి, సంపుతో, తోటతో, కార్ల కడుగుడుతో ఉన్న మేడకు ఒకే బిల్లు రావడం వల్ల తక్కువ వాడేవారి డబ్బుతో ఎక్కువ వాడేవారి నీరు నడుస్తుంది. రెండవది మీటరు పద్ధతి. ఇందులో వాడిన నీటిని కిలోలీటర్లలో, అంటే వెయ్యి లీటర్ల లెక్కన కొలిచి, వాడకం పెరిగే కొద్దీ పెరిగే రేటుతో శ్లాబులుగా బిల్లు వేస్తారు. బెంగళూరులో 2014 నాటి గృహ రేట్లు దీనికి మంచి ఉదాహరణ: మొదటి 8 కిలోలీటర్లకు కిలోలీటరుకు 7 రూపాయలు, ఆపై 25 వరకు 11 రూపాయలు, 50 వరకు 26 రూపాయలు, ఆ పైన 45 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ ప్రమాణం ప్రకారం మురుగు పారుదల వ్యవస్థ ఉన్న నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలి. ఆ లెక్కన ఐదుగురున్న కుటుంబానికి నెలకు సుమారు 20 కిలోలీటర్లు అవుతుంది. పై రేట్లతో ఆ కుటుంబానికి పడే నీటి రుసుము 188 రూపాయలు. నలభై కిలోలీటర్లు వాడే ఇంటికి 633 రూపాయలు పడుతుంది, అంటే వాడకం రెట్టింపైతే బిల్లు మూడు రెట్లు దాటుతుంది. అవసరానికి తగినంత నీరు అందుబాటు ధరకు ఇస్తూనే, విలాసానికి వాడే నీటిపై ఎక్కువ రాబట్టడం ఈ అమరిక ఉద్దేశం.

ఈ పద్ధతిలో ఒక అన్యాయం దాగి ఉంది. చిన్న నగరాలలో అది మరింత తీవ్రంగా ఉంటుంది. ఒకే నల్లా మీద ఇంటి యజమాని కుటుంబంతో పాటు అద్దెకున్న మరొక కుటుంబం కూడా ఆధారపడితే, ఇద్దరూ ప్రమాణానికి మించకుండా చెరి 20 కిలోలీటర్లు వాడినా మీటరు మీద 40 కనిపిస్తుంది. అప్పుడు ఒక్కొక్క కుటుంబానికి 316 రూపాయలకు పైగా పడుతుంది, విడిగా నల్లా ఉన్న పొరుగు కుటుంబం మాత్రం 188 రూపాయలతో సరిపెట్టుకుంటుంది. ఉమ్మడి కుటుంబాలు, వరుస గదుల్లో అద్దెకుండే కూలీలు, పక్కింటి నుంచి బిందెలతో తెచ్చుకునేవారు అందరూ ఈ విధంగా పై శ్లాబులోకి నెట్టబడతారు. దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు: శ్లాబును కనెక్షనుకు బదులు ఆ నల్లా మీద బతికే కుటుంబాల సంఖ్యను బట్టి లెక్కించాలి. హైదరాబాదు మహానగరంలో అపార్ట్‌మెంట్ల విషయంలో ఉచిత నీటిని ఫ్లాట్ల సంఖ్యను బట్టి లెక్కిస్తున్నప్పుడు, రాయచూరు వంటి నగరంలో వార్డు సిబ్బంది ఇంటింటి లెక్క తీయడం సాధ్యమయ్యే పనే.

బిల్లు కట్టేవారి భుజాల మీద కనిపించకుండా పడే మరొక భారం, లెక్కలోకి రాని నీరు. శుద్ధి చేసి పంపిన తరువాత లీకేజీల్లో పోయేది, అక్రమ కనెక్షన్లలోకి వెళ్లేది, మీటర్లు సరిగా నమోదు చేయనిది కలిపి ఈ పేరుతో పిలుస్తారు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో ప్రకటించిన సేవా ప్రమాణాల ప్రకారం ఇది 20 శాతానికి మించరాదు. వెయ్యి లీటర్లను శుద్ధి చేసి పంపడానికి 12 రూపాయలు ఖర్చయి, అందులో 40 శాతం దారిలోనే పోతుందనుకుంటే, బిల్లుకు ఎక్కే ప్రతి వెయ్యి లీటర్ల మీద 20 రూపాయలు రాబట్టవలసి వస్తుంది. నిజాయితీగా కట్టే ఇల్లు పగిలిన పైపు ఖర్చును కూడా కడుతుందన్నమాట. అందువల్ల నష్టాన్ని ఏటా ఎంత తగ్గిస్తారో చెప్పకుండా రేటు పెంచే ప్రతిపాదన తేవడం న్యాయం కాదు. పైగా లీకయ్యే చోటు నుంచే, సరఫరా ఆగిన వేళల్లో, పక్కనున్న మురుగునీరు తాగునీటి పైపులోకి చొచ్చుకు వస్తుంది. రోజు విడిచి రోజు, గంట రెండు గంటలు నీరు వదిలే పద్ధతిలో ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

నీరు ఉచితంగా ఇవ్వాలన్న వాదనలో మానవత్వం ఉంది, దాన్ని తేలికగా తీసిపారేయకూడదు. 2010 జూలైలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తాగునీటిని మానవ హక్కుగా గుర్తించింది. 1991లో సుభాష్ కుమార్ కేసులో మన సుప్రీంకోర్టు కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఢిల్లీలో 2015 నుంచి, హైదరాబాదులో 2021 నుంచి నెలకు 20 కిలోలీటర్ల వరకు ఉచిత నీటి పథకాలు నడిచాయి. దక్షిణాఫ్రికా 2001లోనే కుటుంబానికి నెలకు 6 కిలోలీటర్లు ఉచితమన్న విధానం చేపట్టింది. అయితే మహానగరాలలో ఆ లోటును పూడ్చడానికి వాణిజ్య కనెక్షన్లు, ప్రభుత్వ నిధులు ఉంటాయి. పత్తి జిన్నింగు మిల్లులు, బియ్యం మిల్లులు, మార్కెట్ యార్డు ప్రధాన ఆధారమైన నగరానికి అంత వెసులుబాటు ఉండదు. మరొక ముఖ్యమైన విషయం, నల్లా లేని ఇంటికి ఉచిత నల్లా నీరు అందదు. ఆ ఇల్లు 20 లీటర్ల క్యానుకు 5 రూపాయలు పెట్టినా, కిలోలీటరుకు 250 రూపాయలు చెల్లిస్తున్నట్టు లెక్క. ఈ లెక్క చూసినప్పుడు, సాయానికి మొదటి అర్హత కొత్త నల్లా ఖర్చు భరించలేని ఇంటికే ఉందని స్పష్టమవుతుంది. నల్లా బిగింపు రుసుమును వాయిదాల్లో తీసుకోవడమో పూర్తిగా మాఫీ చేయడమో చేసి, మొదటి శ్లాబును నామమాత్రపు ధరకు ఇవ్వడం ఈ నగరానికి తగిన దారి.

మీటర్లు ఎప్పుడు పెట్టాలన్న దానికి పొరుగునే ఒక పాఠం ఉంది. ప్రపంచ బ్యాంకు రుణంతో హుబ్బళ్ళి-ధారవాడ, బెళగావి, కలబురగి నగరాలలోని కొన్ని ప్రయోగాత్మక ప్రాంతాలలో 2008 నుంచి రోజంతా నీరు ఇచ్చే ఏర్పాటు చేసినప్పుడు, ముందు పైపులన్నీ మార్చి, నిరంతర సరఫరాతో పాటే మీటరు బిల్లులు మొదలుపెట్టారు. ఈ క్రమం చాలా ముఖ్యం. అప్పుడప్పుడు వచ్చే సరఫరాలో, నీటి కంటే ముందు ఖాళీ పైపులోని గాలి దూసుకువచ్చి మీటరు ముల్లును తిప్పేస్తుంది. గాలికి బిల్లు కట్టవలసి వచ్చిన గృహిణి ఇక ఆ మీటరును ఎన్నడూ నమ్మదు. కనుక సరఫరా మెరుగుపడిన వార్డులలో మీటర్లు పెట్టుకుంటూ పోయి, మిగిలిన చోట్ల ఇంటి విస్తీర్ణాన్ని బట్టి మారే స్థిర రుసుము వేయడమే వివేకం.

బిల్లు ఎంతకొకసారి ఇవ్వాలన్నది కూడా విధానమే. ఏడాదికి ఒకేసారి వచ్చే బిల్లు కార్యాలయానికి సుళువు గానీ, వారం కూలి మీద బతికే ఇంటికి అది మోయలేని మొత్తమై బకాయిగా మారుతుంది. నెలకోసారి చిన్న మొత్తం అడిగితే ఎక్కువమంది కట్టగలరు. కర్ణాటక పట్టణాలలో నల్లా బిల్లుల కోసం జలనిధి అనే కంప్యూటరు వ్యవస్థ ఉంది. దానికి తోడుగా, ఒడిశా పట్టణాలలో జలసాథీలుగా పనిచేస్తున్న స్వయం సహాయక సంఘాల మహిళల మాదిరిగా, ఇంటింటికీ వెళ్లి మీటరు చూసి, డబ్బు తీసుకుని, ఫిర్యాదు రాసుకునే స్థానిక మహిళలు ఉంటే వసూలూ పెరుగుతుంది, ఉపాధీ దొరుకుతుంది. బకాయిల మీద వడ్డీని పదేపదే మాఫీ చేయడం మాత్రం సమయానికి కట్టినవారిని శిక్షించినట్టే అవుతుంది. ఇక కట్టనందుకు ఇంటి నల్లాను పూర్తిగా కోసేయడం ఏ పరిస్థితిలోనూ సమర్థనీయం కాదు. బ్రిటన్ 1999 చట్టంతో గృహాల విషయంలో ఆ పనిని నిషేధించింది. స్తోమత ఉండి ఎగవేసే పెద్ద భవనాల మీద, వాణిజ్య సంస్థల మీద, ప్రభుత్వ కార్యాలయాల బకాయిల మీద ముందు కఠినంగా వ్యవహరించిన తరువాతే పేద ఇంటి గడప తొక్కే నైతిక హక్కు నగర పాలనకు కలుగుతుంది.

రాయచూరులో తరువాతి రేటు సవరణ ప్రతిపాదన వచ్చినప్పుడు, కన్నడ, తెలుగు, ఉర్దూ మాట్లాడే నగరవాసులందరూ తమ వార్డు సభ్యులను అడగవలసినవి కొన్ని ఉన్నాయి: గత సంవత్సరం నీటి ఖాతాలో వచ్చిందెంత, కరెంటుకు పోయిందెంత, పటికకు, క్లోరిన్‌కు, పరీక్షలకు ఖర్చు పెట్టిందెంత, దారిలో పోయిన నీరెంత. భారతీయ ప్రమాణాల ప్రకారం నల్లా దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. తమ వార్డులో ఆ నెల పరీక్షలో ఎంత తేలిందో ప్రతి బిల్లు మీద, రుసుము అంకె పక్కనే, అచ్చు వేయించమని కూడా కోరాలి.