మందారానికి తెల్ల పిండి

పెరట్లో మందార చెట్టు ఉంది. రోజూ పది పూలు పూసేది. అత్త దేవుడికి పెట్టేది. మిగిలినవి కోడలు కొబ్బరినూనెలో వేసి కాచేది.

ఈ మధ్య పూలు తగ్గాయి. మొగ్గలు విచ్చకుండానే రాలుతున్నాయి. చిగుళ్ళు ముడుచుకుపోయాయి. కొమ్మల మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంది.

"దిష్టి తగిలిందే" అంది అత్త.

"కాదత్తయ్యా, బూజు పట్టింది" అంది కోడలు.

అది దిష్టీ కాదు, బూజూ కాదు. అది పురుగు. దాని పేరు పిండినల్లి.

వేలితో నలిపి చూడండి. బూజు పొడిగా రాలుతుంది. పిండినల్లి తడిగా, జిగురుగా అంటుతుంది. దాని ఒంటి మీద మైనం లాంటి పొడి ఉంటుంది. అందువల్ల మందు కొట్టినా జారిపోతుంది. డబ్బు దండగ!

చెట్టు మీద చీమల బారు ఉందా? అదీ ఒక గుర్తే. నల్లి చెట్టు రసం పీల్చి తియ్యని జిగురు వదులుతుంది. చీమలు అది తాగుతాయి. అందుకని నల్లిని కాపాడతాయి. పిల్ల నల్లులను వేరే కొమ్మకు మోసుకుపోతాయి కూడా. జిగురు పడిన ఆకుల మీద నల్లని మసి కడుతుంది.

పురుగు పట్టిన చివర్లు కత్తిరించి గోతిలో పూడ్చాలి. మిగతా కొమ్మలను నీళ్ళు గట్టిగా కొట్టి కడగాలి. లీటరు నీటికి ఒక చిన్న చెంచా వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. వారానికి మళ్ళీ చల్లాలి. మొదట్లో చీమల పుట్ట ఉంటే తవ్వేయాలి.

అక్షింతల పురుగులను మాత్రం చంపకండి. అవి నల్లిని తింటాయి. వాటిలో ఒక రకం పిల్లలు కూడా తెల్లగానే ఉంటాయి. కానీ నల్లి కన్నా పెద్దవి, చురుగ్గా నడుస్తాయి.

కోడలు ఇదంతా చేసింది. చెట్టు చిగురించింది. నెల తిరగకుండానే మళ్ళీ తెల్ల పిండి! ఎక్కడి నుంచి వచ్చింది?

కంచె వెంట వయ్యారిభామ మొలిచి ఉంది. ఆకులు చామంతి ఆకుల్లా చీలి ఉంటాయి. చిన్న చిన్న తెల్ల పూలు గుత్తులుగా పూస్తాయి. దాని కాండం నిండా అదే పిండినల్లి! 2007లో పంజాబులో పత్తి చేలను పాడు చేసిన పిండినల్లి ఈ కలుపు మీద కూడా బతుకుతుంది. కలుపు ఉన్నంతకాలం మందారాన్ని ఎన్నిసార్లు కడిగినా అంతే.

వయ్యారిభామ మనిషికీ చెరుపే. తగిలితే కొందరికి ఒళ్ళంతా దురద, దద్దుర్లు వస్తాయి. పుప్పొడి వల్ల ఆయాసం వస్తుంది. ఒట్టి చేతులతో పీకకండి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడగండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పిల్లలతో పీకించకండి. వాన పడి నేల మెత్తబడినప్పుడు వేళ్ళతో సహా వస్తుంది. పూత రాకముందే పీకాలి. ఒక్క మొక్కకు వేల గింజలు కాస్తాయి మరి.

అత్తాకోడళ్ళు తమ వైపు కంచె శుభ్రం చేశారు. అవతలి వైపు పక్కింటి వాళ్ళది. అక్కడ మొక్కలు అప్పుడే మొగ్గ తొడిగాయి.

"వదినా, ఒకసారి ఇటు రా" అని కోడలు కేక వేసింది.