పొద్దున వెళ్లి, పొద్దుగూకేలోగా



శనివారం రాత్రి భోజనాల దగ్గర ఎవరో ఒకరు అంటారు, "రేపు సాగర్ వెళ్లొద్దామా?" అని. అంతే! పిల్లలు కంచాల ముందే గంతులు మొదలుపెడతారు. వారేమో కారు తాళాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటారు. మనం లేచి పులిహోరకి చింతపండు నానేస్తాం. ఎన్నింటికి బయలుదేరాలి, ఏమేం చూడాలి, చేపల వేపుడు ఎక్కడ బావుంటుంది, ఇవన్నీ అందరూ మాట్లాడతారు. సాగర్‌లో తిరిగి ఎన్నింటికి కారెక్కాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. ఈవేళ మీతో ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది ఆ ప్రశ్న గురించే. ఒక్కరోజులో వెళ్లిరావాలంటే లెక్క ఇంటి గుమ్మం దగ్గర కాదు, తిరుగు ప్రయాణం దగ్గర మొదలుపెట్టాలి.

ఎందుకంటారా? హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ సుమారు నూట యాభై కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి, పెద్దవూర, ఇదీ దారి. ఇది విజయవాడ రోడ్డులాంటిది కాదు. ఎదురు బండ్లకీ మనకీ మధ్య పొడవునా డివైడరు ఉండదు. ముందున్న లారీని దాటాలంటే అవతలి వాళ్ల దారిలోకి వెళ్లి రావాల్సిందే. పగలైతే ఎదురుగా ఏమొస్తోందో అరకిలోమీటరు నుంచే కనబడుతుంది. చీకటి పడ్డాక కనబడేవి రెండు దీపాలే. అవి ఎంత దూరంలో ఉన్నాయో, ఎంత వేగంగా వస్తున్నాయో తెలియదు. ఆ వెలుగు కళ్లలో పడ్డాక ఒకటి రెండు క్షణాలు మన దారి కూడా కనబడదు.

అన్నిటికంటే చెడ్డ వేళ సంధ్యవేళ. గేదెలు ఇళ్లకు మళ్లేది అప్పుడే, కూలీలు ఆటోల్లో కిక్కిరిసి ఊళ్లకు చేరేది అప్పుడే. నవంబరు, డిసెంబరు నెలల్లో పత్తి నింపుకున్న ట్రాక్టర్లు, వెనక ఎర్రదీపం కూడా లేకుండా, రోడ్డుకి సగం ఆక్రమించి పోతుంటాయి. కోతల రోజుల్లో రోడ్డు మీదే ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. పగలు ఇవేవీ పెద్ద ఆటంకాలు కావు. చూసి పక్కకి తప్పుకుంటాం. చీకట్లో ప్రాణాల మీదికి తెచ్చేవి ఇవే.

కాబట్టి మొదట క్యాలెండరు దగ్గరకు వెళ్లండి. మన హైదరాబాదులో ఆగస్టు నడుమ పొద్దుగూకేది ఇంచుమించు 6.40కి. అక్టోబరు చివరికి అది 5.45కి వచ్చేస్తుంది. డిసెంబరు మొదట్లో 5.40. అంటే ఆగస్టుకీ డిసెంబరుకీ సాయంత్రంపూట ఒక గంట తేడా! ఆగస్టులో ఎవరో చుట్టాలు వెళ్లివచ్చి "హాయిగా వచ్చేశాం" అన్నారని డిసెంబరులో మనం అదే వేళలు పెట్టుకుంటే కుదరదు.

ఇప్పుడు లెక్క కడదాం. పొద్దుగూకేసరికి ఇంటికే చేరనక్కరలేదు. ఊరి దీపాలు మొదలయ్యే చోటికి, అంటే బొంగుళూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డుకి చేరితే చాలు. సాగర్ నుంచి అక్కడికి సుమారు 120 కిలోమీటర్లు. ఇలాంటి రోడ్డు మీద, ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు కలుపుకుని, గంటకి యాభై కంటే ఎక్కువ పడుతుందని ఆశపడకండి. స్పీడోమీటరు ఎనభై చూపించినా సరే, చివరికి తేలేది ఆ యాభయ్యే. అంటే రెండున్నర గంటలు. టీకి, బాత్‌రూముకి ఇంకో అరగంట. మొత్తం మూడు గంటలు. ఆగస్టులో అయితే మూడున్నరకి, డిసెంబరులో అయితే రెండున్నరకి సాగర్‌లో కారు తలుపులు వేసెయ్యాలి. వేసెయ్యాలంటే, అందరూ ఎక్కి కూర్చున్నాక సుమండీ! ఐస్‌క్రీమ్ కోసం ఒకరు, ఫోటో కోసం ఒకరు పోయే ముప్పావుగంట ఈ లెక్కలో లేదు.

పొద్దున ఆరింటికి బయలుదేరి, దారిలో ఫలహారం చేసి వెళ్తే తొమ్మిదిన్నరకి సాగర్ చేరతాం. కూకట్‌పల్లి, గచ్చిబౌలి వైపు వాళ్లు ఊరి మధ్యనుంచి కాకుండా ఔటర్ మీదుగా వచ్చి బొంగుళూరులో దిగితే తెరిపి. కాస్త చుట్టయినా ట్రాఫిక్ తప్పుతుంది. టోలు ఉంటుంది కనక ఫాస్టాగ్‌లో డబ్బులు ఉన్నాయో లేదో ముందురాత్రే చూసుకోండి. అంటే వర్షాకాలంలో మన చేతిలో ఉన్నవి ఆరు గంటలు, చలికాలంలో అయిదు. ఈ అయిదారు గంటల్లోనే భోజనం కూడా.

ఇక్కడే అసలు చిక్కు. సాగర్‌లో చూడవలసినవి చాలా ఉన్నాయి. ఆనకట్ట ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. రాతితో కట్టిన కట్టడం, 26 గేట్లు. లాంచీలో వెళ్తే నాగార్జునకొండ ఉంది. గౌతమబుద్ధుడి గురించి 2022లో తెరిచిన బుద్ధవనం ఉంది. వంతెన దాటి పల్నాడు జిల్లాలోకి వెళ్తే పదకొండు కిలోమీటర్లలో ఎత్తిపోతల జలపాతం ఉంది. అనుపులో పాత కట్టడాలు ఉన్నాయి. వీటన్నిటినీ ఒక్కరోజులో చుట్టేద్దామనుకునేవాళ్లే రాత్రి తొమ్మిదింటికి మాల్ దగ్గర లారీల వెనక ఇరుక్కుంటారు. ఆనకట్ట ఎలాగూ చూస్తాం. దానికి తోడు నాగార్జునకొండ ఒక్కటి, లేదా బుద్ధవనమూ ఎత్తిపోతలా, ఈ రెండిట్లో ఒకటే పెట్టుకోండి. ఏది అన్నది ఇంట్లోనే తేల్చుకోండి, అక్కడికి వెళ్లాక కాదు.

నాగార్జునకొండ అయితే సగంరోజు దానికే రాసిపెట్టాలి. లాంచీ మనం వెళ్లగానే కదలదు, జనం నిండాలి. నీళ్ల మీద వెళ్లడానికి గంట, రావడానికి గంట. మ్యూజియం చూడ్డానికి గంట. వేచి ఉండే సమయంతో నాలుగు గంటలు ఎటు పోయాయో తెలియదు. శుక్రవారం మ్యూజియం సెలవు. గాలి ఎక్కువగా ఉన్నా, వరద ఎక్కువగా ఉన్నా లాంచీలు ఆపేస్తారు. కాబట్టి వెళ్లేముందు వాకబు చెయ్యండి. లాంచీ ఎక్కితే పిల్లలతో సహా అందరూ లైఫ్ జాకెట్ వేసుకోవలసిందే, తాళ్లు బిగించి మరీ. ఉక్కగా ఉందని భుజాన వేసుకుని కూర్చోవడం కాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఏం జరిగిందో మనకెవరికీ మరపుకు రాలేదు కదా.

ఇంత శ్రమపడి వెళ్తే ఏముంటుందక్కడ అంటారేమో. ఆడవాళ్లం మనం తప్పక చూడవలసిన సంగతి ఒకటుంది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఆ లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. ఆనకట్ట కడితే అంతా మునిగిపోతుందని 1954 నుంచి ఆరేళ్లపాటు తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండమీదికి తరలించారు. ఆ శాసనాల్లో దానాలు చేసినవాళ్లుగా కనబడే పేర్లు ఎక్కువగా స్త్రీలవే. మహాచైత్యానికి దానమిచ్చినామె రాజుగారి మేనత్త చాంతిసిరి. ఆమె సరే, రాజకుటుంబం. బోధిసిరి అనే ఆవిడ రాజకుటుంబీకురాలు కూడా కాదు, మనలాంటి గృహస్థురాలే. ఆవిడ కట్టించిన చైత్యగృహం గురించి పెద్ద శాసనమే ఉంది. పిల్లలకి చూపించి చెప్పండి.

గేట్లు ఎత్తినప్పుడు చూడాలన్నది అందరి కోరికా. అది కృష్ణమ్మ దయ. 2024లో ఆగస్టు మొదటి వారంలో ఎత్తారు, 2025లో జూలై నెలాఖరుకే ఎత్తేశారు. ఎగువ నుంచి నీళ్లు రాని ఏడు అసలు ఎత్తరు. వార్తల్లో చూసుకుని వెళ్లండి. గేట్లు ఎత్తిన తర్వాత వచ్చే మొదటి ఆదివారం మాత్రం మానుకోండి. జంటనగరాలు సగం అక్కడే ఉంటాయి, కార్లు కిలోమీటర్లకొద్దీ ఆగిపోతాయి. వీలైతే వారం మధ్యలో ఒక సెలవు పెట్టించండి.

ఇక బండి సంగతి. టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిచి వేడెక్కిన టైరు గాలి ఎక్కువ చూపిస్తుంది. స్టెప్నీలో కూడా గాలి ఉందో లేదో చూడమనండి. అద్దెకారు అయితే పసుపు నంబరు ప్లేటు ఉన్నదే మాట్లాడండి. తెలిసినవాళ్లదనీ, రెండొందలు తక్కువనీ తెల్లప్లేటు బండిని అద్దెకి తీసుకోకండి. అలా తిప్పడం చట్టం ఒప్పుకోదు, జరగరానిది జరిగితే బీమా కంపెనీ పేచీ పెట్టడానికి అదొక్కటి చాలు. ఇంకో మాట. డ్రైవరు ముందురాత్రి నిద్రపోయాడా అని అడగండి. అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. మనం చెట్టుకింద జంపఖానా పరుచుకున్నప్పుడు అతనికీ భోజనం పెట్టి, అరగంట నడుం వాల్చనివ్వండి. మధ్యాహ్నం తిన్నాక రెండుకీ నాలుక్కీ మధ్య కునుకు ముంచుకొస్తుంది, సరిగ్గా మనం తిరుగు ప్రయాణంలో ఉండే వేళ అది. తోలేది మీవారైనా సరే ఇదే నియమం. "నాకేం నిద్ర రావట్లేదు" అన్న మాటని ఈ ఒక్క విషయంలో నమ్మకండి.

చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మనలో చాలామందికి అలవాటు. గట్టిగా పట్టుకున్నాం కదా అన్న ధీమా. గంటకి యాభై కిలోమీటర్ల వేగంలో బండి దేనికైనా గుద్దుకుని ఆగితే, పదికిలోల బిడ్డ ఆ క్షణంలో రెండు మూడు క్వింటాళ్ల బరువై ముందుకి దూసుకుపోతుంది. ఏ తల్లి చేతులూ ఆపలేవు. ఆపైన ముందునుంచి తెరుచుకునే ఎయిర్‌బ్యాగు ఒకటి. పిల్లలు వెనక సీట్లోనే, చిన్నపిల్లలైతే వాళ్లకోసం ఉండే సీటులోనే కూర్చోవాలి. వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలన్నది చట్టం. మనమేమో ఆ బెల్టుల్ని అందమైన సీటు కవర్ల కింద దాచేస్తాం! శనివారం రాత్రే వాటిని పైకి తీయించండి. అయిదుగురి కారులో ఏడుగురు ఇరుక్కోవడం, "సర్దుకుంటాంలే వదినా" అనడం కూడా వద్దు.

తిండి దగ్గరికి వద్దాం. పులిహోర ఎలాగూ ఉంది. దద్దోజనం చేసేవాళ్లు అన్నంలో పెరుగు తగ్గించి, కాచి చల్లార్చిన పాలు కలిపి ఒక చెంచాడు పెరుగు వేస్తే, మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. కొబ్బరిచట్నీ వద్దు, ఎండకి చెడుతుంది. ఆ పూటకి ఆ రెండూ, కాసిని అప్పడాలూ చాలు. తెల్లవారుజామున మూడింటికి లేచి నాలుగు రకాలు చేస్తే, మనకి సాగర్ కనబడదు, నిద్ర కనబడుతుంది. నల్లగొండ జిల్లా బత్తాయిలకి పేరు. కాలమైతే దారిలో కొనుక్కోవచ్చు.

నీళ్ల విషయం కొంచెం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. దారిలో బాత్‌రూములు ఉండవన్న భయంతో మనం పొద్దుటినుంచీ నీళ్లే తాగం. సాయంత్రానికి తలనొప్పి, రెండోరోజుకి మూత్రంలో మంట. అలా చేసుకోకండి. పెట్రోలు బంకుల్లో బాత్‌రూము వాడుకోవడానికి ఇవ్వాలి, పెట్రోలు కొట్టించినా, కొట్టించకపోయినా. గంటన్నరకి ఒకచోట చొప్పున ఆగే తావులు వెళ్లేటప్పుడే చూసి పెట్టుకుంటే, వచ్చేటప్పుడు వెతుకులాట ఉండదు. అత్తగారికో, అమ్మగారికో మోకాళ్ల నొప్పులుంటే ఆ ఆగే తావులే వాళ్లకి కాళ్లు సాచుకునే తావులు కూడా. బండిలో తిప్పే పిల్లలకి ఫోను ఇవ్వకండి, కిటికీలోంచి దూరంగా చూడమనండి. మాత్ర వేయాలంటే డాక్టరుగారిని ముందే అడిగి, బయలుదేరడానికి అరగంట ముందు వెయ్యండి.

ఫోనులో దారి చూపించే మ్యాపు "అయిదు నిమిషాలు కలిసొస్తుంది" అని ఊళ్లలోంచి సన్నదారి చూపిస్తే పోకండి, పెద్దరోడ్డు మీదే ఉండండి. సిగ్నలు అందని చోట్లు ఉంటాయి కనక ఆగే ఊళ్ల పేర్లు, కారెక్కవలసిన వేళ, అంబులెన్సుకి 108, పోలీసులకి 112, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి రెండు ప్రతులు చెయ్యండి. ఒకటి కారు అద్దం పక్కన అంటించండి, రెండోది పక్కింటివారికి ఇచ్చి వెళ్లండి.

ఇక రాత్రి వంట. ఎనిమిదింటికి ఇల్లు చేరాక ఎవరికీ పెద్దగా ఆకలి ఉండదు. ముందురోజే ఇడ్లీపిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సరిపోతుంది, కారప్పొడి ఎలాగూ ఉంటుంది. ఆ రాత్రి ఇడ్లీలు ఎవరు వెయ్యాలి, మధ్యాహ్నం డబ్బాలు ఎవరు కడగాలి అన్నది మాత్రం శనివారమే, అందరూ ఉత్సాహంగా ఉన్నప్పుడే, తేల్చుకోండి.