చూసినా పోల్చుకోలేని అక్షరాలు



"మావాడి కళ్ళు నిక్షేపంగా ఉన్నాయండీ! వీధి చివర ఐస్‌క్రీము బండి వస్తుంటే అందరికంటే ముందు వాడే కనిపెడతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం 'మ'ని 'య' అంటాడు. 52 రాయమంటే 25 రాస్తాడు. ఒళ్ళుబద్ధకం, ఇంకేమిటి?" పిల్లల చదువు మాట వచ్చినప్పుడు తల్లులు తరచు చెప్పుకునే మాటే ఇది. బద్ధకమని తీర్మానించే ముందు ఒక్క సంగతి గమనించండి. కన్ను చూడడం వేరు, చూసినదాన్ని మెదడు పోల్చుకోవడం వేరు. మొదటిది పుట్టుకతో వస్తుంది. రెండోది చాలావరకు నేర్చుకుంటే వచ్చేది.

కాఫీ కప్పు చెవి కుడివైపు ఉన్నా, ఎడమవైపు తిప్పినా కప్పు కప్పే కదా! పుట్టిన దగ్గర్నుంచి అయిదేళ్ళపాటు పిల్లవాడు నేర్చుకున్నది ఇదే. తీరా బళ్ళో వేశాక, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో పొట్ట కుడివైపు ఉంటే 'బి', ఎడమవైపు ఉంటే 'డి' అంటాం. అప్పటిదాకా అక్కరకొచ్చిన తెలివే ఇప్పుడు అడ్డం తిరుగుతుంది. అందుకే ఆరేడేళ్ళు వచ్చేదాకా అక్షరాలూ అంకెలూ తిరగేసి రాయడం చాలామంది పిల్లల్లో మామూలే. దానికి చెవి మెలిపెట్టనక్కరలేదు.

మన తెలుగులో ఈ తిరగేసిన జంటల బాధ తక్కువ. కాని ఇక్కడ వేరే చిక్కుంది. 'ద' కింద చిన్న గీత పడితే 'ధ', ఆ పైన పొట్టలో చుక్క పెడితే 'థ'. 'ప', 'ఫ', 'ష', 'వ' ఒకే ఇంటి అప్పచెల్లెళ్ళలా ఉంటాయి. 'కి'కీ 'కీ'కీ తేడా గుడి చివర ఒక్క మెలిక. ఇంగ్లీషు చదివే కన్ను గీత వెంట సాగిపోతే చాలు. తెలుగు చదివే కన్ను పైన గుడి చూడాలి, కింద ఒత్తు చూడాలి, మళ్ళీ ముందుకు నడవాలి. ఇంత పని ఉందని మనకి తోచదు. మనం నేర్చి ఏళ్ళయింది కదూ!

ఇంకో సంగతి. చేటలో బియ్యం పోసుకుని రాయి ఏరేటప్పుడు మన చూపు తెల్లటి గింజల్ని వదిలేసి రాయినే పట్టుకుంటుంది. అక్షరాలు కిక్కిరిసిన పేజీలో తను చదివే వరసనే పట్టుకోవాలన్నా అదే నేర్పు కావాలి. అది తక్కువైన పిల్లలు వరసలు దాటేస్తారు, చదివిందే మళ్ళీ చదువుతారు. పాత శుభలేఖ అట్టముక్క ఒకటి చదివే వరస కింద పెట్టి, చదివినకొద్దీ కిందికి జరుపుకోమనండి. ఇంతకంటే చవకైన సాధనం లేదు. కూడికల్లో అంకెలు పక్క వరసలోకి జారిపోతుంటే గళ్ళ నోటుపుస్తకం కొనివ్వండి, గడికో అంకె.

అక్షరాల విషయంలో కలగాపులగం చెయ్యకండి. 'మ' గట్టిపడేదాకా 'య' జోలికి పోకండి. రెండూ వచ్చాక పక్కపక్కన పెట్టి "తేడా ఎక్కడుందో నువ్వే చెప్పు" అని అడగండి. తేడా మీరు చూపిస్తే మరిచిపోతాడు, తను కనిపెడితే గుర్తుంటుంది. పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దించడం అక్షరాభ్యాసం నాటి ముచ్చటగా వదిలెయ్యకండి. చేత్తో రాసిన అక్షరాన్ని కన్ను త్వరగా పోల్చుకుంటుందని ఇప్పటి పరిశోధనలూ చెబుతున్నాయి. సెల్‌ఫోను మీద వేలితో నొక్కితే ఆ లాభం రాదు. బోర్డు మీది మాట ఒక్కో అక్షరమే చూసి దించుకునే పిల్లలకు, మాటంతా ఒకసారి చూసి, పైకి పలికి, చేత్తో మూసి, చూడకుండా రాసి, మళ్ళీ సరిచూసుకోవడం అలవాటు చెయ్యండి. రోజుకి అయిదు మాటలు చాలు.

ముగ్గు కూడా మంచి సాధనే. అయిదు చుక్కల ముగ్గు చూపించి, మూసేసి, జ్ఞాపకంతో వెయ్యమనండి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ! అయితే ముగ్గు వస్తే చదువు వచ్చేస్తుందని అనుకోకండి. ముగ్గుతో చూపు, చెయ్యి కుదురుతాయి. అక్షరం మాత్రం అక్షరంతోనే వస్తుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ పేరుతో డబ్బు గుంజే వాళ్ళున్నారు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు, అన్నిటా చురుకైన పద్నాలుగేళ్ళ కుర్రాడు చదవడం మాత్రం నేర్వలేకపోవడం గురించి రాసి, దానికి పుట్టుకతో వచ్చిన 'మాటల గుడ్డితనం' అని పేరు పెట్టాడు. లోపం చూపులోనే ఉందని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు డిస్లెక్సియా అంటున్న ఈ ఇబ్బందిలో, చాలామంది పిల్లలకు అసలు చిక్కు అక్షరాన్ని దాని ధ్వనితో ముడిపెట్టడంలో ఉందని తరవాత తేలింది. కంటి వ్యాయామాలతో, రంగు కళ్ళద్దాలతో అది నయమవుతుందనడానికి తగిన ఆధారం లేదని 2009లో అమెరికాలోని పిల్లల డాక్టర్లూ కంటి డాక్టర్లూ కలిసి ప్రకటించారు. కాబట్టి వేలకు వేలు పోసే ముందు ఆలోచించండి.

అన్నిటికంటే ముందు కంటి పరీక్ష చేయించండి. మసకగా చూసే పిల్లలు ఆ సంగతి చెప్పరు. లోకమంతా అలాగే ఉంటుందనుకుంటారు పాపం! పుస్తకం ముక్కుకి ఆనించడం, తల పక్కకి వాల్చి చూడడం, సాయంత్రం అయ్యేసరికి తలనొప్పి అనడం గుర్తులు. ఒక కన్ను మందగించి రెండో కంటితోనే నెట్టుకొస్తుంటే పైకి ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. దానికి ఏడెనిమిదేళ్ళ లోపు వైద్యం జరిగితే ఫలితం బాగుంటుంది. అందుకని బళ్ళో వేసేముందే ఒకసారి చూపించడం మేలు.

కళ్ళు బాగుండి, ఏడాదిపాటు ఓపిగ్గా నేర్పినా మూడో తరగతి పిల్లవాడు చిన్న మాటలు కూడబలుక్కుంటూనే ఉంటే, పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన లోపాలను కూడా చేర్చారు. సర్టిఫికెట్టు ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి సదుపాయాలు ఏమున్నాయో బళ్ళో అడగండి. నిపుణుల దగ్గరకు వెళ్ళేటప్పుడు పిల్లవాడి పాత నోటుపుస్తకాలు రెండు మూడు పట్టుకెళ్ళండి. మీరు దగ్గర కూర్చుని శుభ్రంగా తిరగరాయించినవి కాదు, తప్పులున్నవే.