మీకు తెలుసా? ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా

ఒడిశా దాటి వచ్చేవారికి ఆంధ్ర తీరం ఇచ్ఛాపురం దగ్గర మొదలవుతుంది. అక్కణ్నుంచి దాదాపు 190 కిలోమీటర్ల పొడవునా శ్రీకాకుళం జిల్లా సముద్రాన్ని ఆనుకునే ఉంటుంది. రాష్ట్రంలో ఇంత తీరం మరే జిల్లాకూ లేదు. విజయనగరం వాటాకు వచ్చింది మాత్రం పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో ముప్పై కిలోమీటర్ల లోపే. ‘వెనుకబడిన ప్రాంతం’ అంటూ పత్రికలు పదేపదే రాసే ఈ నేల మీద సముద్రం ముద్ర ఒడ్డు దగ్గరే ఆగలేదు. గుడిలో, మగ్గం మీద, జాతరలో కూడా అది కనిపిస్తుంది.

◆ శ్రీలంకలోని క్యాండీ ఆలయంలో పూజలందుకుంటున్న బుద్ధుడి దంతం కళింగం నుంచే వెళ్లిందని సింహళ బౌద్ధుల సంప్రదాయం. క్రీ.శ. 4వ శతాబ్దంలో హేమమాల అనే రాజకుమారి, ఆమె భర్త దంతకుమారుడు దాన్ని ఆమె కొప్పులో దాచి ఓడెక్కారట. అంతకుముందు ఆ దంతం ఉన్న ఊరు దంతపురం. సరుబుజ్జిలి దగ్గరి దంతవరపుకోట మట్టిదిబ్బలే ఆ దంతపురమని చెప్పే చరిత్రకారులున్నారు.

◆ వంశధార సముద్రంలో కలిసేది కళింగపట్నం దగ్గర. అక్కడికి కొద్ది కిలోమీటర్ల ఎగువన, నది ఒడ్డు కొండ మీద శాలిహుండం స్తూపాలున్నాయి. తార, మారీచి విగ్రహాలూ అక్కడ దొరికాయి. తార ప్రయాణికులను గండాల నుంచి కాపాడే దేవత. ఓడలు వచ్చిపోయే రేవుకు ఇంత దగ్గరలో ఆమె కొలువుండడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. 1919లో ఈ స్థలాన్ని వెలుగులోకి తెచ్చింది ఎవరో తెలుసా? గిడుగు వెంకట రామమూర్తి. అవును, వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన ఆ గిడుగే.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీనే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడానికి పాత లిపిని ఎవరూ నేర్పకుండానే పట్టుబట్టి నేర్చుకున్నారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. సవర భాష మీద ఆయన రాసిన గ్రంథం 1931లో అచ్చయింది. పండితుల తెలుగుతో పోరాడిన మనిషి, అప్పటికి లిపి కూడా లేని కొండజనం భాషకు ఏళ్లకేళ్లు ధారపోశారు. గిడుగును తలుచుకునే రోజున ఈ రెండో పనిని మనం ఎందుకో మరిచిపోతుంటాం.

◆ ఆ ముఖలింగమే ఒకప్పటి కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు తర్వాత రాజధానిని కటకానికి మార్చాడు. పూరీలో ఇప్పుడున్న జగన్నాథాలయాన్ని కట్టడం మొదలుపెట్టింది ఆయనే. ముఖలింగంలో స్వామి పేరు మధుకేశ్వరుడు. మధూకమంటే ఇప్పచెట్టు. ఇప్పచెట్టు మొదలే లింగమైందని స్థలపురాణం.

◆ విష్ణువు కూర్మావతార రూపంలో మూలవిరాట్టుగా పూజలందుకునే ప్రాచీన ఆలయం శ్రీకూర్మంలో ఉంది. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను సాకుతారు. శ్రీకాకుళం తీరం ఇసుకలోనే ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా ఆ గుడ్లను తీసి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారు.

◆ విజయనగరం కోటకు 1713లో శంకుస్థాపన జరిగినప్పుడు ఐదు ‘విజయాలు’ కలిశాయంటారు. కట్టించినవాడు విజయరామరాజు, తిథి విజయదశమి, సంవత్సరం విజయ, వారం జయవారమైన మంగళవారం, ఊరు విజయనగరం. పేర్ల మీద ఇంత నమ్మకంతో కట్టిన కోటకు గొప్ప శోకం తెచ్చింది కూడా ఒక విజయమే. ఉత్తర సర్కారులు అప్పటికి ఫ్రెంచివారి చేతిలో ఉన్నాయి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో ఆ వంశపు విజయరామరాజు బొబ్బిలి మీద పడ్డాడు. కోటలోని వెలమ వీరులు ఆడవాళ్లను, పిల్లలను శత్రువుల చేత చిక్కనివ్వక తామే చంపుకుని, చివరిదాకా పోరాడి నేలకొరిగారు. కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ యుద్ధాన్ని వివరంగా రాసిపెట్టాడు.

అన్న చావు విని పెద్దచెరువులో ఐక్యమైన చెల్లెలే పైడితల్లి అమ్మవారని విజయనగరం నమ్మకం. ఏటా విజయదశమి తర్వాతి మంగళవారం ఆమెకు సిరిమానోత్సవం. యాభై అడుగులకు పైబడిన చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. ఆ మాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. దాని ముందు నడిచేవి పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. రాజులు పుట్టించిన ఊరి పండుగలో చేపలు పట్టే వల ఊరేగుతుంది! అమ్మవారి విగ్రహాన్ని చెరువులోంచి పైకి తెచ్చిన రోజుల నుంచీ నీటిని నమ్ముకున్న ఆ చేతులకు అక్కడ చోటుంది.

◆ పొందూరు ఖద్దరులో చేపకు పాత్ర ఉంది. కొండపత్తి, పునాస పత్తి గింజ మీద ఉండగానే, సన్నటి పళ్లున్న వాలుగ చేప దవడతో దువ్వుతారు. నలుసులు రాలిపోయి పోగులు ఒక వరసకు వస్తాయి. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం. ఏకును ఎండిన అరటిదొప్పలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు. అలా వచ్చే నూలు 100 కౌంటు దాటుతుంది. చేత్తో వడికింది ఇంత సన్నగా ఉంటుందా అని ఆరా తీయడానికి గాంధీజీ తన కొడుకు దేవదాస్‌ను పొందూరు పంపారని చెబుతారు. వడికేది దాదాపు అంతా ఆడవాళ్లే, అందులోనూ వయసు మళ్లినవాళ్లు. ఆ పనితనానికి తగిన కూలి దక్కకపోతే, చేప దవడను పట్టడం తెలిసిన చేతులు రేపు మిగలవు.

◆ బొబ్బిలి వీణను గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు ఒకే పనసదుంగను తొలిచి చేస్తారు. అతుకు ఉండదు.

◆ విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల మధుకరం ఎత్తుకుని చదువుకున్నదీ అక్కడే. పి. సుశీల ఆ ఊరి బిడ్డే.

◆ మందస జమీందారీకి ఎదురుతిరిగిన రైతుల మీద 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారిలో గర్భిణి గున్నమ్మ ఉంది. అరెస్టు చేసిన రైతులను తీసుకెళ్లనివ్వనని అడ్డం నిలబడినందుకు ఆమె ప్రాణం పోయింది. వీరగున్నమ్మ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలి.

◆ కళింగపట్నం, బారువ రేవుల్లో ఒకప్పుడు రంగూన్ స్టీమర్లు ఆగేవి. వరికోతలకు, రేవు పనులకు, మిల్లులకు కూలీలు వేలాదిగా బర్మా వెళ్లేవారు. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి మించి భారతీయులే. 1930 మేలో అక్కడి ఓడరేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. వీళ్ల బదులు తెచ్చిన బర్మీయులకూ, వీళ్లకూ మధ్య ఘర్షణ రేగి నగరమంతా అల్లర్లు పాకాయి. 1942లో జపాన్ సేన దిగాక వేలమంది అడవుల్లో, కొండల్లో కాలినడకన తిరిగొచ్చారు. దారిలో పోయినవాళ్ల కచ్చితమైన లెక్క ఎవరికీ తెలియదు.

ఇప్పుడు వలస గుజరాత్‌కు. పడవలు నిలిపే వసతి చాలక, ఇక్కడి మత్స్యకారులు వెరావల్ వెళ్లి మరపడవల్లో జీతానికి పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు పొరపాటున సరిహద్దు దాటి పాకిస్తాన్‌కు చిక్కారు. కరాచీ జైలు నుంచి 2020 జనవరిలో ఇరవై మంది వాఘా మీదుగా విడుదలయ్యారు. వాళ్ల తీరపల్లెల ఆడవాళ్లు ఆ పద్నాలుగు నెలలూ ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. సొంత తీరంలోనే హార్బర్లు, జెట్టీలు కావాలని ఈ పల్లెలు అడగడం వెనుక ఉన్నది ఆ అనుభవమే.