ఉమ్మిలో ఉంది కిటుకు

పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి అడ్డుకట్ట వేస్తే లోయలు మునిగి గాటున్ సరస్సు అయ్యాయి. మునగకుండా మిగిలిన ఒక కొండనెత్తి పేరు బార్రో కొలరాడో. 1923 నుంచి అది రక్షిత అడవి. 1946 నుంచి స్మిత్సోనియన్ సంస్థ చూసుకుంటోంది. గాంబోవా రేవులో పడవెక్కి వెళ్లాలి. పదిహేను చదరపు కిలోమీటర్ల ఈ దీవిలో 70కి పైగా గబ్బిలం జాతులున్నాయి.

ఇన్ని జాతులు ఒకే అడవిలో ఎలా బతుకుతున్నాయని అడిగితే అందరూ రెక్కలు, చెవులు, పళ్ల గురించే చెబుతారు. లాలాజల గ్రంథుల ఊసెత్తేవాళ్లు తక్కువ. నన్నడిగితే సగం కథ అక్కడే ఉంది.

జమైకా పండ్ల గబ్బిలాన్ని చూడండి. దానికి మేడి జాతి కాయలంటే ప్రాణం. కానీ కాసిన చెట్టు మీద కూర్చుని తినదు, వేటాడే జీవులు కాచుకునుండే చోటది. ఒక్క కాయ కరుచుకుని వేరే చెట్టుకు పోతుంది. నమిలి, గుజ్జును అంగిలికేసి అదిమి, రసం పీల్చి, చెరకు పిప్పిలా మిగిలింది ఊసేస్తుంది. పండ్లలో పులుపుంటుంది, ఉప్పు ఉండదు. అందుకే పండ్లు తినే గబ్బిలాల గ్రంథులు బాగా పెద్దవి. ఉమ్మి నోట్లోకి చేరేలోపే అందులోని సోడియంను నాళాల కణాలు వెనక్కి లాగేసుకుంటాయి.

పండ్లు తినేవన్నీ ఒకటే అనుకోకూడదు. ఆకు ఈనెలు కొరికి గుడారం కట్టుకునే యూరోడెర్మా గబ్బిలం చెవి ముందు గ్రంథి నిర్మాణం దాని బంధువుల్లో కనిపించేది కాదు. పులుపును ఉమ్మి తట్టుకునే తీరుతో దానికి సంబంధం ఉండొచ్చని శాస్త్రవేత్తల ఊహ.

పశువుల మందలున్న చోట్ల తిరిగే రక్తపు గబ్బిలాలది మరో దారి. వాటి ఉమ్మిలోని డ్రాకులిన్ నెత్తురు గడ్డకట్టనివ్వదు. గడ్డల్ని కరిగించే ఇంకో ప్రొటీన్‌ను పక్షవాతానికి మందుగా పరీక్షించారు కానీ ఆశించిన మేలు కనబడలేదు.

దీవిలో నాకు నచ్చే జీవి మాత్రం ట్రాకాప్స్ గబ్బిలం. వానాకాలం రాత్రి గుంటల్లో మగ తుంగారా కప్పలు ఆడవాటి కోసం కూస్తాయి. ఆ కూతనే ఆనవాలు పట్టి ఈ గబ్బిలం వాటి మీద పడుతుందని పరిశోధకులు మెర్లిన్ టటిల్, మైకేల్ రయాన్ 1981లో ప్రకటించారు. కూత చివర ‘చక్’ అని జోడిస్తే ఆడకప్పకూ నచ్చుతుంది, గబ్బిలానికీ నచ్చుతుంది. పాపం మగకప్ప!

మరి కప్ప చర్మంలో ఊరే విషాల సంగతి? ట్రాకాప్స్ దవడ కింద ఒక అదనపు గ్రంథి వింతగా ఉంటుంది, విషాన్ని విరిచేది అదేనేమోనని అంచనా. అలాంటి గ్రంథే మన దేశంలో పాడుబడ్డ కోటల్లో, గుడుల్లో వేలాడే మెగాడెర్మా గబ్బిలాల్లోనూ కనిపించింది. అవీ కప్పలు తింటాయి. ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు.